చీటీల చదువు – వల్లెకు వేళ

జ్ఞాపకశక్తి యనునది మన యిండ్లలో ఎన్నడును పురుషుల సొత్తుగా మాత్రమే లేదు. ఏ తిథికి ఎవరి యాబ్దికమో, ఏ పెండ్లిలో ఏ బంధువునకు ఏ చీర పెట్టితిమో, పాలవానికి ఎన్ని దినముల బాకీ యున్నదో, ఇవన్నియు కాగితమున కెక్కకయే ఇల్లాండ్ర మనస్సులలో నిలిచియుండును. అట్టి మనము, మన బిడ్డ పాఠము మఱచినదని వినినంతనే "మతిమఱపు పిల్ల" యని కోపింతుము. ఆ మఱపు ఏనాడు వచ్చినది? అంతకు ఒక్కనాడు ముందుగా మనము అడిగియుండినచో ఆమె చెప్పియుండునా? అని మాత్రము విచారింపము. మేమీ వ్యాసమున విన్నవింపబూనినది ఆ విచారణయే.

మేము బడికి పోయి చదివినవారము కాము. మా తండ్రిగారు ఇంటియొద్దనే అమరకోశమును, శతకములను, కొన్ని కావ్యములను మాకు సంథ చెప్పిరి. ఒక్క సంథతోనే పట్టుకొనువానిని ఏకసంథాగ్రాహి యందురు. మేము అట్టివారము కామని తండ్రిగారు మొదటి వారములోనే గ్రహించిరి. ఆనాడు చెప్పిన శ్లోకమును ఆనాడే పదిమాఱులు వల్లింపజేసెడివారు. మఱునాటి యుదయమున పుస్తకము మూసి యడిగెడివారు. అటుపై దాని యూసు ఎత్తక, వారమునకో పక్షమునకో, మేము నూతికడ చేద తోడుచుండగా, "నిన్నటి నెల చెప్పిన యా వర్గములో మూడవ శ్లోకమేది?" అని హఠాత్తుగా అడిగెడివారు. చెప్పగలిగినచో మఱి రెండు నెలలవఱకు ఆ శ్లోకమునకు సెలవు. తడబడినచో ఆ సాయంకాలమే మఱల సంథ. పాడ్యమినాడును అష్టమినాడును క్రొత్త పాఠము లేదు. జ్వరము వచ్చినప్పుడును, ఇంట శుభకార్యమైనప్పుడును గట్టిగా అడిగెడివారు కారు. అది ఆయన దయయని అప్పుడనుకొంటిమి. ఆ సెలవులు గూడ విద్యలో నొక భాగమేయని తెలియుటకు మాకు చాలకాలము పట్టినది.

తండ్రిగారు నూతికడ చేసిన పనిని నేడు ఫోనులోని యొక సాఫ్ట్‌వేరు చేయుచున్నది. ఫ్లాష్ కార్డులనబడు చీటీలు దానిలో నుండును. చీటీకి ముందువైపు ప్రశ్న, వెనుకవైపు జవాబు. ముందువైపు చూచి, జవాబును మనస్సులో చెప్పుకొని, చీటీని త్రిప్పి సరిచూచుకొని, తనకు వచ్చినదో రాలేదో ఒక మీట నొక్కి తెలుపవలెను. ఆ చీటీని మఱల ఏనాడు చూపవలెనో యంత్రమే గణించి, ఆనాటి వఱకు దాచియుంచును. వైద్యవిద్యార్థులును, పరభాషలు నేర్చువారును, పోటీపరీక్షలకు పోవువారును దీనిని లోకమంతట వాడుచున్నారు. మేము దీనిని వాడినది అక్షరములు నేర్చు అడవిపిల్లలకు. అందు మేము చేసిన తప్పులును, వానిని దిద్దుకొన్న విధమును చెప్పుటకు ముందు, ఈ గణనము ఎట్లు పుట్టినదో కొంచెము చెప్పవలసియున్నది.

మఱపు లెక్క

1885వ సంవత్సరమున హెర్మన్ ఎబింగ్‌హౌస్ అను జర్మను పండితుడు మఱపును కొలిచి గ్రంథము ప్రకటించెను. ఆయన అర్థములేని అక్షరముల కూర్పులను తానే వల్లించి, కొంతకాలమైన పిదప వానిని మఱల నేర్చునప్పుడు మొదటి శ్రమలో ఎంత పాలు కలిసివచ్చినదో గణించెను. ఒక గంట గడచునప్పటికే నూటికి 44 పాళ్లు మాత్రము మిగిలినది. ఒక దినమునకు 34 పాళ్లు, నెల గడచినను 21 పాళ్లు మిగిలినవి. అనగా మఱపు తొలిగంటలలో పరుగెత్తును, తరువాత మెల్లగా నడచును. కనుక తొలి వల్లె త్వరగాను, తరువాతి వల్లెలు ఎడమెడముగాను ఉండవలెను.

వేఱొక సంగతిని 2008లో కార్పికే, రోడిగర్ అను నిరువురు అమెరికా పండితులు పరీక్షించి చూపిరి. విద్యార్థులకు 40 స్వాహిలీ మాటలను అర్థములతో నేర్పి, కొందఱిచేత వానిని మఱల మఱల చదివించిరి, కొందఱిని మఱల మఱల అడిగిరి. వారము గడచిన పిమ్మట, అడుగబడినవారికి నూటికి సుమారు 80 మాటలు జ్ఞప్తికి వచ్చినవి. చదువుటతోనే సరిపుచ్చినవారికి మూడవవంతు మాత్రము వచ్చినవి. పుస్తకము తెఱచి పదిమాఱులు చదువుటకంటె, మూసి ఒకమాఱు అడుగుట మేలని మన పూర్వులు వాడుకతో నెఱిగిన సంగతియే ఇది.

1972లో సెబాస్టియన్ లైట్నర్ అను పత్రికారచయిత కాగితపు చీటీలను అఱల పెట్టెలో నుంచి చదువు పద్ధతిని గ్రంథముగా వ్రాసెను. పోలండుదేశస్థుడగు పియోటర్ వోజ్నియాక్ 1985లో కాగితముమీదను, 1987లో కంప్యూటరుమీదను ఈ గడువులను లెక్కగట్టెను. ఆయన లెక్కలో మొదటి గడువు ఒక దినము, రెండవది ఆఱు దినములు. అటుపైన ప్రతి గడువును అంతకుముందరి గడువునకు రమారమి రెండున్నర రెట్లు: 15 దినములు, 37 దినములు, 94 దినములు. డేమియన్ ఎల్మ్స్ 2006లో ప్రారంభించిన ఆంకీ యను సాఫ్ట్‌వేరు ఈ లెక్కనే కొద్ది మార్పులతో గైకొని లోకమునకు పంచినది. ఆంకీ యన్న జపాను మాటకు కంఠస్థము చేయుట యని యర్థము.

పాత లెక్కలో నొక లోపము గలదు. ఒక చీటీని పిల్ల పలుమాఱులు మఱచినచో దాని రెట్టింపు తగ్గించబడును. రెండున్నర నుండి దిగి దిగి 1.3 దగ్గఱ ఆగును. తరువాత పిల్ల ఆ మాటను చక్కగా నేర్చినను, "బాగు" అను మీట నొక్కినంత మాత్రమున ఆ రెట్టింపు మఱల పెరుగదు. ఒకప్పుడు చెడ్డపేరు తెచ్చుకొన్న కోడలిని ఎంత చేసినను నమ్మని అత్తవలె యంత్రము ఆ చీటీనే మాటిమాటికి ముందు పెట్టును.

అందుచేత ఆ గణనమును మూలమట్టముగా మార్చిరి. జారెట్ యె మొదలగువారు కూర్చిన క్రొత్త పద్ధతి 2023లో ఆంకీయందు చేరినది. దానిని ఎఫ్.ఎస్.ఆర్.ఎస్. అందురు. అది ప్రతి చీటీకి మూడు సంగతులను గణించును: ఆ చీటీ యొక్క కాఠిన్యము, జ్ఞాపకము యొక్క స్థైర్యము, ఈనాడు అడిగినచో స్ఫురించు సంభావ్యత. స్ఫురణ నూటికి 90 పాళ్లకు దిగుటకు ఎన్ని దినములు పట్టునో ఆ దినముల సంఖ్యయే స్థైర్యము. ఈ మూడును తెలిసినచో ఎన్ని దినములు ఎడమైనను లెక్క చెడదు. మా కథకు ఈ సంగతియే ముఖ్యము.

మన్యపు పంచాంగము

ఖమ్మముసీమ తోటలు, వరిచేలు దాటి తూర్పునకు పోగా టేకుచెట్లును, ఇప్పచెట్లును, తునికిచెట్లును గల అడవి వచ్చును. దాని కావల గోదావరియు భద్రాచలమును. 2016 అక్టోబరు 11న ఈ యడవిసీమలో చాలభాగము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాగా వేరుపడినది. ఇక్కడి గూడెములలో కోయలు నివసింతురు. వారి యింటిభాష కోయ. అది తెలుగునకు జ్ఞాతి యైనను తెలుగు కాదు, గోండీకి దగ్గఱిది. బడిలో పుస్తకము తెలుగులో నుండును. కోయబిడ్డ మొదటి తరగతిలో అక్షరముతోపాటు ఆ యక్షరము పలుకు భాషను గూడ నేర్వవలసియుండును.

ఈ సీమకు బడి పంచాంగము వేఱు, బ్రతుకు పంచాంగము వేఱు. మాఘ ఫాల్గునములలో మిరపతోటలకు కాయ ఏరుటకు తల్లులు పోవుదురు. తల్లి పోయినచో చిన్నపిల్లను ఎత్తుకొనుటకు పెద్దపిల్ల పోవును. తరువాత ఇప్పపూవు రాలును. ఎండలు ముదిరిన పిమ్మట తునికాకు కోయుదురు. వానకారున గోదావరి పొంగును. భద్రాచలమువద్ద 43 అడుగులకు మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 1986 ఆగస్టులో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చినది. అట్టి దినములలో పిల్లలు పునరావాసపు బడులలో పరుండి, వరద తీసిన పిమ్మట ఒండ్రు ఎత్తుటకు ఇండ్లకు మఱలుదురు. వారము, పక్షము, నెల చదువు ఆగును. ప్రతిదినము తప్పక కూర్చుండు విద్యార్థికై చేయబడిన యంత్రమునకు ఈ పంచాంగము తెలియదు. తెలియజెప్పుట మన పని. మేము ఆ పని చేయకయే మొదలుపెట్టితిమి.

మా యింటికి సాయంకాలము అక్షరములు దిద్దుకొనుటకు కొందఱు పిల్లలు వచ్చుచుండిరి. వారిలో పదునొకండేండ్ల కోయబాలిక యొకతె. ఐదవ తరగతికి వచ్చినను ఒత్తులు కలిసిన మాట చదువలేకపోయెను. బుద్ధిలో లోపము లేదు, చదువు తెగిపోవుచుండుటయే లోపము. ఆమె యన్న ఫోనులో మేము చీటీలు పెట్టి యిచ్చితిమి. దినమునకు పది క్రొత్తవి. నలువది దినములలో 400 మాటలు చేరినవి. పిల్ల మిక్కిలి యుత్సాహముతో చేసెను. మా ముఖము గూడ వెలిగినది.

అంతలో మిరపకోతలు వచ్చెను. తల్లితో పోయి, ఇరువదియైదు దినములకు తిరిగివచ్చి ఫోను తెఱచెను. బాకీ చీటీలు 290 అని తెఱమీద ఎఱ్ఱని యంకె కనబడెను. ఆమె ఒక గంట చేసి, ఫోను మా చేతిలో పెట్టి, "ఇన్ని నేనెప్పుడు చదివేదమ్మా? నాకు చదువు రాదులే" అని లేచిపోయెను. మూడు దినములు రాలేదు.

ఆ పిల్ల ఏ తప్పును చేయలేదు. ఇంటికి కూలి తెచ్చి, చెల్లెలిని ఎత్తుకొని వచ్చినది. ఆ యిరువదియైదు దినములను ఆమె లెక్కలో అప్పుగా వ్రాసినది మేము ఒప్పుకొన్న యేర్పాటు. మా తండ్రిగారు అట్లు చేసియుండెడివారు కారు. మేము ఆ రాత్రి సిగ్గుపడి, యేర్పాటును మొదటినుండి మార్చుటకు కూర్చుంటిమి.

బాకీ తీర్చుట

మొదటి మార్పు: క్రొత్త చీటీలను పూర్తిగా నిలిపితిమి. పాత బాకీ తీరకుండ క్రొత్త యప్పు చేయరాదని ఏ యిల్లాలికిని వేఱుగా చెప్పనక్కఱలేదు.

రెండవది: దినమునకు ముప్పది చీటీలకంటె ఎక్కువ చూపరాదని పరిమితి పెట్టి, మిగిలిన బాకీ యంకెను ఆమె కంటికి కానరాకుండ జేసితిమి. ముప్పది ముగియగానే "ఈనాటికి చాలును" అని తెఱమీద వచ్చును. ఆ మాటయందలి బలము మేము ముందుగా ఎఱుగము.

మూడవది మిక్కిలి ముఖ్యము. ఆ 290లో ఏవి ముందు? అన్నిటికంటె ఎక్కువ ఆలస్యమైనవి ముందు రావలెనని మాకు మొదట తోచినది. అది పొరపాటు. పొయ్యిమీద నొకవైపు పాలు విఱిగిపోయియున్నవి, ఒకవైపు పొంగబోవుచున్నవి. ఇల్లాలు దేనివద్దకు ముందు పరుగెత్తును? విఱిగినవి మఱి రెండు గడియలు ఆగినను అంతకంటె చెడవు. అట్లే, ఎన్నడో మఱచిపోయిన మాట పదిదినములు ఆగినను నష్టము స్వల్పము, ఎట్లును మఱల సంథ చెప్పవలసినదే. ఇంకను స్ఫురించుచు మఱపు అంచున నున్న మాటలను ముందు అడిగినచో అవి దక్కును. క్రొత్త సాఫ్ట్‌వేరులో ఈ వరుస నెన్నుకొను వీలు గలదు. ఇందు వేఱొక లాభము గూడ వచ్చినది. నాలుగవనాడు బతిమాలి పిలిపింపగా వచ్చిన యా పిల్లకు తొలి ముప్పదిలో ఇరువదినాలుగు వచ్చినవి. "నాకు ఇంకా వస్తున్నాయే!" యని మా ముఖము చూచెను. చదువునకు మఱల తెచ్చినది ఆ మాటయే.

నాలుగవది: ఆలస్యమునకు దండన తీసివేసి, రావలసిన పుణ్యమును ఇచ్చితిమి. ఆఱు దినముల గడువుగల మాటను ఇరువదియైదు దినముల పిమ్మట అడిగినను చెప్పగలిగినదనుకొనుడు. అది తప్పిపోయిన వల్లె కాదు, గట్టి జ్ఞాపకమునకు సాక్ష్యము. తొలినాటి లెక్క ఆఱు దినములనే చూచి పదునైదు దినముల గడువు ఇచ్చును. క్రొత్త లెక్క నిజముగా గడచిన దినములనే గణించి, అంతకంటె దూరపు గడువు ఇచ్చును. మిరపతోటలో గడచిన దినములు ఈ విధముగా ఆమెకు నష్టము గాక, కొన్ని మాటలయందు లాభమే యైనవి.

ఐదవది: నూటికి ఎన్ని జ్ఞప్తి యుండవలెనను కోరికను తగ్గించితిమి. యంత్రము సామాన్యముగా 90 కోరును. పరీక్షకు పోవు వైద్యవిద్యార్థికి అది తగును. చెల్లెలిని చంకనుంచుకొని చదువు పిల్లకు 80 చాలును. 90 నుండి 80కి దిగినచో గడువులు రెండింతలకు పైగా పెరుగును, దినపు శ్రమ ఎంతయో తగ్గును. పదిలో రెండు మఱచినను తిరిగి నేర్చుకొనవచ్చును. విసిగి మానివేసినచో పదికి పదియు పోవును.

ఆఱవది మీటల సంగతి. ఇట్టి సాఫ్ట్‌వేరులో మామూలుగా నాలుగు మీటలుండును: మఱల, కష్టము, బాగు, సులభము. ఆ బాలిక మాట రానప్పుడెల్ల "మఱల" నొక్కక "కష్టము" నొక్కుచుండెను. ఏలయని యడుగగా తలవంచుకొనెను. "రాలేదు" అని ఒప్పుకొనుటకు సిగ్గు. బడిలో రాలేదన్నచో ఏమి జరుగునో ఆమె యెఱుగును. కాని యంత్రమునకు "కష్టము" అనగా కష్టముతోనైనను వచ్చినదని యర్థము. అది నమ్మి గడువు పెంచుకొనుచు పోవును. పిల్ల సిగ్గు యంత్రమునకు అబద్ధమైనది. మేము రెండు మీటలనే వాడునట్లు నియమము పెట్టితిమి: వచ్చినది, రాలేదు. "రాలేదు" నొక్కినందుకు ఈ యింట ఎవరును కోపింపరని ముమ్మాఱు చెప్పితిమి. అది నమ్ముటకు ఆమెకు రెండు వారములు పట్టినది. బాకీ చీటీలన్నియు తీరుటకు పట్టినది పదునెనిమిది దినములే.

బొమ్మయు గొంతుకయు

వేళను దిద్దిన పిమ్మట చీటీలోని సరకును దిద్దవలసివచ్చెను. చిన్నపిల్లలకు బొమ్మలుండిన బాగుండునని మేము ప్రతి చీటీకి ముందువైపు మాట క్రిందనే ఛాయాచిత్రము నుంచియుంటిమి. ఒకనాడు "కుండ" అను చీటీలో బొమ్మను చేతితో కప్పి యడుగగా బాలిక చదువలేకపోయెను. చేయి తీయగానే "కుండ" అనెను. ఆ చిత్రమున మూలగా మా యెఱ్ఱచీర కొంగు పడియున్నది. ఆమె గుర్తుపట్టుచున్నది కొంగును! నెలదినములుగా యంత్రము "బాగు, బాగు" అని లెక్కించినది చదువును కాదు. కనుక చదువు నేర్పు చీటీలో బొమ్మ వెనుకవైపుననే యుండవలెను. ముందువైపు అక్షరములు మాత్రము. త్రిప్పినప్పుడు బొమ్మయు గొంతుకయు వచ్చి, చదివినది సరియో కాదో చెప్పవలెను.

గొంతుక మాటకు వత్తము. మొదట అన్ని మాటలు మా గొంతుకతోనే పలికి పెట్టితిమి. "ఏరు" అను చీటీకి ఆ పిల్ల "నీళ్లు" అని చెప్పుచుండెను. మేము తప్పని నాలుగుమాఱులు సంథ చెప్పితిమి. ఐదవమాఱు ఆమె యవ్వ ప్రక్కన నుండి నవ్వి, కోయలో ఏరు అనగా నీళ్లేయని చెప్పెను. తెలుగులో ఏరు అనగా ప్రవాహము. మిరపతోటలో "కాయ ఏరు" అన్నచో వేఱొక యర్థము. పిల్ల తప్పు చెప్పలేదు. తన భాషలో సరిగా చెప్పినది. అమరకోశము వల్లించిన మేము, ఒక మాటకు నానార్థములుండునని ఎఱిగియు, ఆ యర్థములలో నొకటి గూడెములో నుండవచ్చునని తలపలేదు.

నాటినుండి చీటీలను మార్చితిమి. అవ్వను ఒప్పించి, ఎందుకో చెప్పి, ఆమె గొంతుకతో కోయమాటలను ఫోనులోనికి ఎక్కించితిమి. ఇప్పుడు కొన్ని చీటీలకు ముందువైపు అవ్వ కోయలో పలుకును. పిల్ల తెలుగుమాటను పలకమీద వ్రాయును. త్రిప్పినచో అక్షరములు కనబడును. ఇంటిభాషనుండి బడిభాషకు అవ్వయే చేయిపట్టి తీసికొనిపోవుచున్నది. అవ్వ అనుమతిలేనిదే ఆ గొంతుకను ఎవరికిని పంపమని మాట యిచ్చితిమి. ఆ మాట నిలుపుకొనుచున్నాము.

ఇక ఈ బొమ్మలను, ధ్వనులను దాచు విధము. చీటీలో బొమ్మ యుండదు, బొమ్మ పేరు మాత్రముండును. బొమ్మ వేఱొక అఱలో నుండును. సామాను పేరు వ్రాసిన చీటీ వంటింట నుంచి, సామాను అటుకమీద నుంచినట్లన్నమాట. పేరు మార్చినచో యంత్రము వెదకి దొరకక ఊరకుండును. మేము ఇరువురు పిల్లలకు వేర్వేఱుగా ధ్వనులు పలికి, రెండు వరుసలకును 1, 2, 3 అని పేర్లు పెట్టి, ఒక ఫోనునుండి వేఱొక ఫోనులోనికి చేతితో ఎత్తిపోసితిమి. ఒకే పేరుగలవి ఒకదానిపై నొకటి పడి, మొదటివి చెఱిగిపోయినవి. "పాము" చీటీ త్రిప్పగానే మా గొంతుక "పాలు" అని పలికెను! పిల్లలు మూడు దినములు నవ్విరి. అప్పటినుండి పిల్ల గుర్తును, మాటను, తేదీని కలిపి పేరు పెట్టుచున్నాము.

బరువు సంగతి గూడ ఇల్లాండ్రు తెలిసికొనవలెను. ఫోనుతో తీసిన యొక్క ఛాయాచిత్రము నాలుగు మెగాబైట్ల వఱకుండును. అట్టివి 300 చేరిన 1200 మెగాబైట్లు. మా సీమలో చాల గూడెములకు సిగ్నలు అందదు. చెట్టెక్కినచో ఒకటి రెండు గీతలు కనబడు తావులున్నవి. అంత బరువు అక్కడ ఎట్లు దిగును? ఆ చిత్రమునే అరచేతి తెఱకు చాలునంత కుదించిన 40 కిలోబైట్లకు దిగును. 300 చిత్రములు కలిసి 12 మెగాబైట్లు. రెండు సెకన్ల పలుకు 10 లేక 20 కిలోబైట్లు మాత్రమే. కనుక అన్నిటిని కుదించి, పిల్ల గూడెమునకు పోవుటకు ముందే మా యింటిలో ఫోనునకు ఎక్కించి పంపుదుము. తరువాత సిగ్నలు లేకున్నను చీటీలు నడచును. పిల్ల తిరిగివచ్చినప్పుడు లెక్కలను కలుపుకొని, వేఱొక ప్రతిని మా యొద్ద దాచుదుము. వరదలో ఫోను పోయినను చదువు లెక్క పోరాదు.

ఫోను లేని యింట

ఫోను లేనివారును, బిడ్డ చేతికి ఫోను ఇయ్యదలపనివారును నిరాశపడనక్కఱలేదు. పెండ్లిపత్రికల వెనుకవైపులు కత్తిరించి చీటీలు చేయవచ్చును. ఐదు అగ్గిపెట్టెలను వరుసగా అతికించుడు. మొదటి పెట్టెలోని చీటీలను ప్రతిదినము, రెండవదానిలోనివి రెండుదినముల కొకమాఱు, మూడవదానివి వారమునకు, నాలుగవదానివి పక్షమునకు, ఐదవదానివి నెలకు ఒకమాఱు అడుగుడు. వచ్చిన చీటీ తరువాతి పెట్టెకు పోవును, రానిది మొదటి పెట్టెకు వచ్చును. ఊరికి పోయివచ్చినచో మూడవ పెట్టెతో ప్రారంభింపుడు, మొదటిది ఆగవచ్చును. గొంతుకకు మీరే యున్నారు. బొమ్మకు వంటిల్లే యున్నది.

ఒక మాట మఱువరాదు. చీటీలు మాటలను నిలుపును గాని కథను చెప్పవు. నాలుగువందల మాటలు వచ్చిన పిల్లకు వెంటనే చదువుటకు ఏదైన నీయవలెను. లేకున్న ఆ మాటలు పెట్టెలోని నగలవలె పడియుండును. ఇరువది నిమిషములు చీటీలు, తరువాత ఒక చిన్నకథ బిగ్గరగా. ఇది మా యింట ఇప్పటి నియమము.

ఆ బాలిక మొన్న మాతో భద్రాచలము వచ్చి, బస్సుస్టాండులో నిలిచి, వచ్చిన ప్రతి బస్సు పేరును చదివెను: చర్ల, వెంకటాపురం, మణుగూరు, కొత్తగూడెం. ఆఖరిదానివద్ద ఒత్తు దగ్గఱ ఆగి, మా వైపు చూడకయే, మఱల మొదటినుండి పలికి చదివెను. ఆమె తల్లి బస్సు పేరు ఎవరినో ఒకరిని అడిగియే యింతకాలము ఎక్కుచుండెడిది. ఆనాడు అడుగలేదు.

ఇప్పుడా పిల్ల మాకు కోయమాటల చీటీలు చేసి యిచ్చినది. సాయంకాలము ఫోను తానే పట్టుకొని మమ్ము అడుగుచుండును. ముప్పదిలో పది మాకు రావు. మొదటి దినములలో మేమును "కష్టము" అందుమా యని సందేహించితిమి. ఆమె మా ముఖమువైపే చూచుచుండెను. "రాలేదు" అని ఒప్పుకొంటిమి.

సోదరీమణులారా! బిడ్డ చదువునకు ఏ యంత్రమును తెచ్చినను, దానిలోని పంచాంగమును మీ యింటి పంచాంగముతో సరిచూచి, మీరే దిద్దుడు. కోతలకును, వరదకును, జ్వరమునకును, పండుగకును అందు చోటుండవలెను. తిరిగివచ్చిన బిడ్డకు మొదట బాకీ లెక్క చూపక, ఆమెకు ఇంకను వచ్చుచున్నదానిని అడుగుడు.